గోడకు ఏడు రోజుల గడువు, మేకకు ఒక్క పూటైనా లేదు

ప్రభుత్వరంగ సంస్థల కాలనీలలో కార్మికుల పెరటి కోడి, వాకిటి కుక్క, వంటింటి పిల్లి ఇటీవల యాజమాన్యాల కంటికి నేరస్థులుగా కనిపిస్తున్నాయి. క్వార్టరు పైకప్పు కారుతున్నదని మూడేళ్ళుగా అర్జీలు పెట్టుకుంటున్నా కదలని టౌన్ అడ్మినిస్ట్రేషన్ విభాగాలు, పెరట్లో కోడి కూసిందనగానే జీపు వేసుకుని వస్తున్నాయి. ఈ విషయంపై బస్తరు ప్రాంతం నుండి, ముఖ్యంగా తెలుగు కార్మికులు ఎక్కువగా ఉన్న కాలనీల నుండి, మా కార్యాలయానికి ఉత్తరాలు వచ్చాయి. వాటికి విడివిడిగా జవాబులు వ్రాయటం కంటే సమస్యను మొత్తంగా చర్చించటమే మంచిదని భావించి ఈ వ్యాసం ప్రకటిస్తున్నాము.

మేము స్వయంగా చూసిన ఒక ఉదంతంతో మొదలు పెడతాము. అది ఏ సంస్థ కాలనీయో ఇక్కడ వ్రాయటం లేదు, ఎందుకంటే ఇటువంటి నియమం ఒక్క సంస్థకే పరిమితమైనది కాదు. రెండవ షిఫ్టుకు వెళ్ళిన డంపరు ఆపరేటరు ఒకరు రాత్రి పది దాటిన తరువాత ఇంటికి వచ్చేసరికి పెరట్లో రెండు పలుపుతాళ్ళు మాత్రమే మిగిలి ఉన్నాయి. మేకలు రెండింటినీ, వాటితోపాటు ఇంటి కుక్కనూ సెక్యూరిటీవారు ట్రాక్టరులో ఎక్కించి తీసుకుపోయారు. నోటీసు లేదు. రసీదు లేదు. మరునాడు ఆయనతోపాటు మేము కూడా కార్యాలయానికి వెళ్ళి అడిగితే, తరలింపు ఖర్చు జీతం నుండి రాబడతామని చెప్పారు. మేకలు ఎక్కడ ఉన్నాయన్న ప్రశ్నకు మధ్యాహ్నందాకా జవాబు రాలేదు. సాయంత్రానికి ఒక మేక దొరికింది. కుక్కను అడవి అంచున దింపి వచ్చామని ట్రాక్టరు డ్రైవరు చాటుగా చెప్పాడు. పాపం, అతడూ కాంట్రాక్టు కార్మికుడే. చెప్పిన పని చేశాడు, చేసినందుకు తల వంచుకున్నాడు. ఆ ఆపరేటరు కుటుంబం వారం రోజులపాటు సాయంకాలం పూట అడవి అంచు వెంబడి పేరు పెట్టి పిలుచుకుంటూ తిరిగింది. కుక్క రాలేదు.

"వేతన ఒప్పందం పెండింగులో ఉంది, కాంట్రాక్టు కార్మికుల పర్మినెంటు సమస్య ఉంది, ఈ సమయంలో కుక్కలూ కోళ్ళూ ఏమిటి?" అని మన సంఘంలోనే కొందరు మిత్రులు ఆక్షేపించారు. వారి ఆక్షేపణను మేము తేలికగా తీసుకోవటం లేదు. ముప్పై ఏళ్ళుగా సంఘం పని చేస్తున్న మాకు ఏది పెద్ద సమస్యో, ఏది చిన్న సమస్యో కొంత తెలుసు. కాని మిత్రులు ఒక సంగతి మరచిపోతున్నారు. క్వార్టరు యాజమాన్యం దయతో ఇచ్చే బహుమానం కాదు. అందులో ఉన్నంతకాలం కార్మికుడు ఇంటి అద్దె భత్యం వదులుకుంటాడు, లైసెన్సు ఫీజు చెల్లిస్తాడు. అంటే తన వేతనంలో కొంత భాగాన్ని ఇంటి రూపంలో తీసుకుంటున్నాడు. ఆ ఇంట్లో ఎవరితో ఎలా బ్రతకాలో నిర్ణయించే హక్కు షిఫ్టు సైరను మ్రోగిన తరువాత కూడా యాజమాన్యానిదేనని ఒప్పుకుంటే, ఎనిమిది గంటల పనిదినం కోసం మన పెద్దలు చేసిన పోరాటానికి అర్థం ఏముంది? గనిలో ఎనిమిది గంటలు, పెరట్లో పదహారు గంటలు యాజమాన్యమే పెత్తనం చేస్తుందన్నమాట.

ఇక చట్టం సంగతి చూద్దాం. ప్రభుత్వరంగ క్వార్టర్లకు వర్తించే శాసనం 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం. అనధికార నివాసులను ఖాళీ చేయించటానికి చేసిన చట్టమది. కేంద్ర ప్రభుత్వానికి 51 శాతానికి తక్కువ కాని వాటా ఉన్న కంపెనీల ఇళ్ళన్నీ దాని పరిధిలోకి వస్తాయి. 1980లో దానిని సవరించి 5-ఎ అనే సెక్షన్ చేర్చారు. క్వార్టరులోగాని, దాని ముందుగాని, దానిని ఆనుకునిగాని కట్టడం కట్టరాదు, సరుకులు పరచరాదు, పశువునుగాని మరే జంతువునుగాని తేరాదు, ఉంచరాదు అని ఆ సెక్షన్ చెబుతుంది. ఇంతవరకు ఒక ఎత్తు. ఆ తరువాతి వాక్యాలు శ్రద్ధగా చదవవలసినవి. ఎవరైనా అక్రమంగా గోడ కడితే, దానిని తీసివేయమనిగాని, ఎందుకు తీసివేయరాదో సమాధానం చెప్పమనిగాని ఏడు రోజులకు తక్కువ కాని గడువుతో నోటీసు ఇవ్వాలి. అదే జంతువును ఉంచితే నోటీసు ఏదీ లేకుండానే తొలగించవచ్చు, అందుకైన ఖర్చును భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయవచ్చు!

ఇటుకా సిమెంటూ కలిపి కట్టిన గోడకు ఆకలి లేదు, భయం లేదు, తోలుకుపోతే దారి తప్పదు. దానికి ఏడు రోజుల గడువు ఇచ్చారు. ప్రాణమున్న మేకకు, ఇంటిల్లిపాదినీ గుర్తుపట్టే కుక్కకు ఒక్క పూట గడువైనా ఇవ్వలేదు. పార్లమెంటు ఈ తేడాను కావాలని చేసిందని మేము అనటం లేదు. రోడ్లమీద, కార్యాలయాల ముందు తిరిగే పశువులను వెంటనే తొలగించే వీలుండాలని అప్పుడు అనుకుని ఉండవచ్చు. కాని కార్మికుడి పెరడు రోడ్డు కాదు. బ్రిటిష్ పాలకులు 1871లో చేసిన పశువుల అతిక్రమణ చట్టంలో సైతం బందెలదొడ్డికి తోలిన పశువుకు లెక్క ఉండేది. యజమాని రుసుము చెల్లించి విడిపించుకోవచ్చు. ఏడు రోజులలో ఎవరూ రాకపోతే పోలీసులకు తెలిపి, ప్రకటన చేసి, ఆపైన మాత్రమే వేలం వేయాలి. అన్యాయంగా పట్టుకున్నారని మేజిస్ట్రేటు వద్ద ఫిర్యాదు చేసే హక్కు ఉండేది. తెల్లదొరల కాలంలో రైతు గేదెకు ఉన్నపాటి హక్కు, స్వతంత్ర భారత ప్రభుత్వరంగ కార్మికుడి గేదెకు లేకుండా పోయింది.

పైగా ఈ అధికారాన్ని చెలాయించే ఎస్టేట్ ఆఫీసరు ఎవరు? కంపెనీ ఆస్తుల విషయంలో అదే కంపెనీ అధికారిని ఆ పదవిలో నియమించే వీలు చట్టం కల్పించింది. ఫిర్యాదు చేసేది యాజమాన్యం, విచారించేది యాజమాన్యం ఉద్యోగి. క్వార్టరు ఖాళీ చేయమన్న ఉత్తర్వుపైన జిల్లా జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు. కాని 5-ఎ క్రింద జంతువును తరలించిన ఉత్తర్వు ఆ అప్పీలు సెక్షన్ పేర్కొన్న ఉత్తర్వుల జాబితాలోనే లేదు. అద్దెదార్ల రక్షణ చట్టాలను ఆశ్రయిద్దామంటే ఆ దారి కూడా మూసుకుపోయింది. ప్రభుత్వ ఆవరణల చట్టానిదే పైచేయి అని అశోకా మార్కెటింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లోనే తీర్పు చెప్పింది.

ఇంత బిగువైన చట్టంలోనూ ఒక తలుపు తెరచి ఉంది. మన కార్యకర్తలు దానిని గమనించాలి. క్వార్టరులో ఉండటానికి ఏ అనుమతి ఇచ్చారో ఆ అనుమతికి అనుగుణంగా తప్ప జంతువులను ఉంచరాదని మాత్రమే సెక్షన్ చెబుతుంది. అనగా అలాట్‌మెంటు ఆర్డరులో అనుమతి ఉంటే నేరం లేదు. కత్తి ఢిల్లీలో తయారైనా దాని పిడి ప్రతి కాలనీలోని టౌన్ అడ్మినిస్ట్రేషన్ కార్యాలయంలోనే ఉంది. పార్లమెంటు చట్టాన్ని మార్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. కేటాయింపు షరతులను మార్పించుకుంటే చాలు. మన పోరాటం అక్కడ జరగాలి.

ఈ సమస్య మిగతాచోట్ల కంటే బస్తరులో ఎందుకు తీవ్రమయిందో కూడా చెప్పుకోవాలి. బైలదిల్లా అనే మాటకు ఎద్దు మూపురమని అర్థం. దూరంనుండి చూస్తే ఆ కొండల వరుస మూపురంలాగే కనిపిస్తుంది. పశువు పేరు పెట్టుకున్న కొండ క్రింద పశువుల నిషేధం గురించి వాదించుకోవలసి రావటం విడ్డూరమే. 1968లో కిరందుల్‌లోనూ, 1977లో బచేలిలోనూ గనులు ఉత్పత్తి ప్రారంభించాయి. కొత్తవలస నుండి కిరందుల్ దాకా వేసిన రైలుమార్గం మీదుగా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు దిగింది. అదే మార్గాన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల బీదలు కొండపైకి ఎక్కారు. వచ్చినవారు చేతిసంచీతోపాటు తమ బ్రతుకు పద్ధతులు కూడా తెచ్చుకున్నారు. పెరట్లో నాలుగు కోళ్ళు, పాలకొక మేక, వాకిట్లో కుక్క లేకుండా ఇల్లు ఇల్లనిపించని ప్రాంతాలనుండి వచ్చినవారు వారు.

వారికంటే ముందే అక్కడ ఉన్న ఆదివాసుల సంగతి చెప్పనక్కరలేదు. మాడియా, మురియా, ధుర్వా గూడేలలో కోడి తిండి మాత్రమే కాదు. అది దేవుడికి మ్రొక్కు, వియ్యపువారికి మర్యాద, వారపు సంతలో ఉప్పుకూ నూనెకూ సరిపడా డబ్బు. తెలుగువారు కోడి అనేదానిని గోండులు కొర్ అంటారు. మాట కూడా చుట్టమే. ఆదివాసి భూమిలో కాలనీ కట్టి, ఆదివాసి యువకుడికి హెల్పరు ఉద్యోగమిచ్చి, క్వార్టరు తాళం చేతిలో పెట్టి, నీ కోళ్ళను గూడెంలో వదలిరమ్మనటం ఏ సంక్షేమం క్రిందికి వస్తుంది? అతడి తల్లి ఆ క్వార్టరుకు వచ్చి రెండు రోజులు కూడా ఉండలేకపోతున్నదంటే కారణం గోడలు కాదు.

మరొక సంగతి. కొండ అంచున ఉన్న లైన్లలో కుక్క విలాసం కాదు, కాపలా. రాత్రివేళ ఎలుగుబంటి వీధిలోకి దిగితే మొదట కేకపెట్టేది అదే. మూడవ షిఫ్టుకు మగవారు వెళ్ళిపోయిన ఇళ్ళలో ఆడవారికి అది ఎంత ధైర్యమో ఏ సర్క్యులరూ లెక్క వేయలేదు. వర్షాకాలంలో పాములు తిరిగే పెరళ్ళకు పిల్లీ కోడీ ఎంత అవసరమో అక్కడ కాపురమున్నవారికి తెలుసు.

నియమం అందరికీ ఒక్కటే అయితే మా కోపం కొంత తగ్గేదేమో. అధికారుల బంగళా గేటుకు 'కుక్క ఉంది జాగ్రత్త' అని ఇత్తడి బోర్డు వ్రేలాడుతుంది. ఆ కుక్కకు పేరుంది, టీకా కార్డుంది, ఉదయం నడిపించటానికి కంపెనీ అటెండరు కూడా ఉంటాడు. లేబరు లైన్లలోని కుక్కకు పేరు లేదా? ఉంది. కాకపోతే ఆ పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. ఒకటి పెంపుడు జంతువు, మరొకటి ఉపద్రవం. ఈ తేడా జంతువు జాతిని బట్టి కాదు, యజమాని గ్రేడును బట్టి వచ్చింది. జీతాల స్కేలు కుక్కల దాకా దిగిరావటం చూసి నవ్వాలో ఏడవాలో తెలియటం లేదు.

యాజమాన్యాలు చెప్పే కారణాలలో నిజమేమీ లేదని మేము వాదించము. రేబిస్ ప్రాణాంతకం, లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకటం దాదాపు అసాధ్యం. పాఠశాల దారిలో పిల్లలను కుక్క కరిస్తే ఆ పిల్లలూ మన కార్మికుల పిల్లలే. రాత్రంతా పనిచేసి వచ్చి పగలు నిద్రపోయే మనిషికి ప్రక్కింటి కుక్క ఆగకుండా మొరగటం చిత్రహింసే. రెండు గదుల క్వార్టరు వెనుక అయిదు గేదెలను కట్టి పాలవ్యాపారం చేస్తే ఆ పేడ కాలువలోకి, ఆ దోమలు అందరి ఇళ్ళలోకి వస్తాయి. అటువంటి వ్యాపారాన్ని మేము సమర్థించము. కాని వీటికి మందు నిషేధం కాదు. కుక్కకు టీకా వేయించాలి, మురుగు కాలువ బాగు చేయించాలి, గేదెల వ్యాపారానికి కాలనీ వెలుపల స్థలం చూపాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు జంతువులకు టీకాలు, నులిపురుగుల మందు, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స యజమాని బాధ్యత అని స్పష్టం చేశాయి. బాధ్యత పెట్టారంటే పెంచే హక్కును గుర్తించారని కాదా అర్థం?

సంఘం వ్రాస్తున్నది కదా అని మన తప్పులు దాచిపెట్టటం మాకు చేతకాదు. పదవీ విరమణ రోజున దండలు వేయించుకుని, లారీలో బీరువా, మంచాలు ఎక్కించి, పదేళ్ళు కాపలా కాసిన కుక్కను ఖాళీ క్వార్టరు మెట్లమీద వదలి వెళ్ళిన సోదరులు ఉన్నారు. కాలనీలలో దిక్కులేకుండా తిరిగే కుక్కలలో కొన్ని అటువంటివే. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదలివేయటం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటి నేరానికి ఆ చట్టంలో వ్రాసిన జరిమానా 10 నుండి 50 రూపాయలు. దానికి భయపడేవారు ఎవరూ ఉండరు. సంఘం మాటకైనా సిగ్గుపడాలి. అలాగే సంక్రాంతికి పందెం కోసం పుంజులను మేపి, కాళ్ళకు కత్తులు కట్టేవారు పెంపకం హక్కు పేరు చెప్పి మా వద్దకు రావద్దు. బస్తరు సంతలలో జరిగే కోడిపందేలకూ ఇదే మాట. జంతువులను పోట్లాటకు ఉసికొల్పటం కూడా అదే చట్టం ప్రకారం నేరమే.

ఇతర దేశాలలో ఏం జరిగిందో చూద్దాం. ఫ్రాన్సులో 1970 జులై 9 నాటి చట్టం ప్రకారం అద్దె ఇంట్లో పెంపుడు జంతువును ఉంచరాదన్న షరతు చెల్లదు. జంతువు నష్టం కలిగించకూడదు, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించకూడదు, అంతే. అమెరికాలో ప్రభుత్వ గృహాల అద్దెదార్లకు సహేతుకమైన నిబంధనలకు లోబడి సాధారణ పెంపుడు జంతువులను ఉంచుకునే హక్కును 1998 చట్టం ఇచ్చింది. నియమాల విషయంలో అతి కఠినమని పేరున్న సింగపూరు కూడా ప్రభుత్వ గృహ మండలి ఫ్లాట్లలో పిల్లులపై దశాబ్దాలుగా ఉన్న నిషేధాన్ని 2024 సెప్టెంబరు 1న ఎత్తివేసి, లైసెన్సుతో రెండు పిల్లులను ఉంచుకోనిచ్చింది. అవేవీ కార్మిక రాజ్యాలు కావు. అయినా నిషేధం కంటే నిబంధన మేలని తెలుసుకున్నాయి.

మన దేశంలోనే చూడండి. అపార్టుమెంటు సంఘాలు మెజారిటీ తీర్మానం చేసినా సరే పెంపుడు కుక్కలను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో సర్క్యులరు పంపింది. ప్రాణులపట్ల దయ చూపటం పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం చెబుతుంది. హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కున్నవాడు ఆ సర్క్యులరు చూపించి కుక్కను నిలుపుకుంటున్నాడు. ఆ ఫ్లాటు కట్టిన ఉక్కుకు ఖనిజం తవ్వినవాడికి ఆ కాగితం ఎందుకు అక్కరకు రాకూడదు?

ఇక చేయవలసినది. అర్ధశతాబ్దంగా పెరళ్ళలో కోళ్ళూ కుక్కలూ ఉంటున్న కాలనీలో అకస్మాత్తుగా నిషేధం విధించటం ఆనవాయితీగా వస్తున్న సౌకర్యాన్ని ఉపసంహరించటమేనని మా వాదన. అటువంటి మార్పుకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిని మన ఫెడరేషన్ ఎన్నో కారణాలతో వ్యతిరేకించినా, దాని 40వ సెక్షన్‌లో, మూడవ షెడ్యూలులో ఆ నిబంధన నిలిచే ఉంది. శత్రువు చేతిలోని కర్రను మనం కూడా పట్టుకోవచ్చు. క్వార్టరు విషయాలు ఉద్యోగ షరతులు కావని యాజమాన్యం అంటుంది. అననీయండి, అప్పుడు లైసెన్సు ఫీజును జీతం నుండి ఎందుకు కోస్తున్నారని అడుగుదాం.

మేము కోరే నియమం చాలా సాదా అయినది. ఇంటికి ఒక కుక్కగాని రెండు పిల్లులుగాని, పెరటి వైశాల్యాన్ని బట్టి ఇన్ని కోళ్ళు, మొదటి అంతస్తుకు పైన ఉన్న ఇళ్ళకు మేకలు కుదరవు — ఈ లెక్కలు ఏ కాలనీకి ఆ కాలనీ ఉమ్మడి కమిటీ తేల్చుకోవాలి. ఆ కమిటీలో మహిళలు తప్పక ఉండాలి, ఎందుకంటే మేత వేసేదీ, ఇరుగుపొరుగు మాటలు పడేదీ వారే. ఏడాదికొకసారి కంపెనీ ఆసుపత్రి ఆవరణలో పశువైద్యుడిని పిలిపించి ఉచితంగా టీకా వేయించాలి. ఫిర్యాదు వస్తే వ్రాతపూర్వకంగా తెలిపి, గోడకు ఇచ్చే ఏడు రోజులు ప్రాణికీ ఇవ్వాలి. పిచ్చి పట్టిన కుక్క, మీదపడి కరిచే కుక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదని మేమే చెబుతున్నాము. పట్టుకున్న ప్రతి జంతువుకూ రసీదు ఇవ్వాలి, అడవిలో వదలరాదు. ఈ నియమం బంగళాకూ లైనుకూ ఒక్కటిగా ఉండాలి.

నగర్నార్ ఉక్కు కర్మాగారం 2023లో ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడ కుదురుకుంటున్న కార్మికులకు ఇదే అదను. ఒకసారి సంతకాలు పెట్టిన షరతులను మార్పించటం ఎంత కష్టమో బైలదిల్లా పాతకాపులను అడిగి తెలుసుకోవచ్చు. క్వార్టరే దక్కని కాంట్రాక్టు కార్మికుల గుడిసెల సంగతి వేరే వ్యాసానికి తగినది. 1978 ఏప్రిల్‌లో కిరందుల్‌లో కాల్పులు జరిగిన రోజున ఆ గుడిసెలకు ఏ గతి పట్టిందో తెలిసినవారికి, మేకకు నోటీసు ఎందుకు అడుగుతున్నామో విడమరచి చెప్పనక్కరలేదు.

బస్తరు శాఖల కార్యదర్శులు తమ కాలనీలలోని అలాట్‌మెంటు ఆర్డరు ప్రతిని, జంతువులకు సంబంధించి వచ్చిన నోటీసులు, సర్క్యులర్ల నకళ్ళను, తరలించిన జంతువుల వివరాలను తేదీలతో సహా ఫెడరేషన్ కార్యాలయానికి వెంటనే పంపవలసిందిగా కోరుతున్నాము. గృహవసతి ఉమ్మడి కమిటీ తదుపరి సమావేశంలో చర్చనీయాంశాల పట్టికలో ఈ విషయాన్ని చేర్చవలసిందిగా యాజమాన్యాలకు ఇప్పుడే లేఖలు ఇవ్వాలి. లేఖ నమూనా శాఖలకు విడిగా అందుతుంది. హిందీ, గోండీ మాట్లాడే సభ్యులకు దానిని చదివి వినిపించే బాధ్యత శాఖలదే.